తగ్గించిన వెలుగు

నాంపల్లి,
మే 6.

చిరంజీవి విశ్వానికి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకు. పోయిన వారం మూడుసార్లు మాట్లాడుకున్నాం, మూడుసార్లూ ఏదో ఒక చిన్న మాటకే పోట్లాడుకుని పెట్టేశాం. చిన్నప్పుడు మనం కొట్టుకుంటే నాన్న ఏం చేసేవాడో గుర్తుందిగా. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంట్లో తగువు నోటితో తీర్చనివ్వలేదు. చెరో ఇన్‌లాండ్ కవరు చేతికిచ్చి, "ఏముందో రాసి డబ్బాలో వెయ్యండి, పోస్టుమాన్ తెచ్చాక చదువుకోండి" అనేవాడు. ఒకే గదిలో పడుకుని, రెండు రోజులు ఆ కవర్ల కోసం చూసేవాళ్లం. ఈలోపు సగం కోపం పోయేది.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ రెండు గదుల ఇంట్లో ఫోన్‌లో ఏం మాట్లాడినా లహరికి వినిపిస్తుంది. నా వాట్సాప్ నాకంటే ముందు అదే చూస్తుంది. ఇది దాని కంట పడకూడని సంగతి.

లహరికి ఫిట్స్ వచ్చాయిరా. ఏప్రిల్ 11న ఒకసారి, 29న ఇంకోసారి. ఎంట్రన్సుకు ఇంకా నాలుగు రోజులు కూడా లేవు. రెండుసార్లూ సాయంత్రమే, రెండుసార్లూ దాని గదిలో చదువుకునే బల్ల దగ్గరే. కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. చేతులు, కాళ్లు కొట్టుకున్నాయి. రెండు నిమిషాలే అంటారు మీ బావ. నాకు రెండేళ్లు.

తలకు తీగలు పెట్టి పరీక్ష చేశారు. కళ్ల ముందు దీపం టకటకా కొట్టించినప్పుడు కాగితం మీద గీతలు ఎగిరాయట. "ఇంట్లో వణికే వెలుగు ఏమైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. ఆటోలో తిరిగొస్తుంటే, డిసెంబర్‌లో దాని పుట్టినరోజుకు నువ్వు గదిలో పైకప్పు అంచున పెట్టిన ఎల్ఈడీ పట్టీ లైట్లు గుర్తొచ్చాయి.

వరంగల్‌లో ఇంజనీరింగ్ సీటు వస్తుందని అది కలలు కంటోంది. మామయ్య ఊరు పక్కనే, భయం లేదని దానికి నూరిపోసింది మనమే. ఇప్పుడు ఈ పిల్లను హాస్టల్లో ఎలా వదలను? అది పోయిపోయి ఏ మెట్ల మీదో పడితే?

ఒక్కటే అడుగుతున్నాను. ఆ లైట్లు సరిగ్గానే పెట్టావా? జవాబు ఇంటికి రాయకు. లక్డీకాపూల్‌లో మా ఆఫీసు చిరునామాకు రాయి.

అక్క,
కామాక్షి

హనుమకొండ,
మే 10.

అక్కకు,

ఉత్తరం చదివి నిన్న వైరింగ్ సైట్‌కు కూడా వెళ్లలేదు. లహరి ఎలా ఉంది? నిద్రపోతోందా, తింటోందా?

లైట్ల గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. పట్టీలో నడిచేది పన్నెండు వోల్టులు. తడిచేత్తో ముట్టుకున్నా షాక్ కొట్టదు. ట్రూప్ బజార్‌లో పదిహేనేళ్లు లైట్ల షాపులో చేసినవాణ్ని, నాకు తెలియదా? వైరు మంచి కంపెనీది. అతుకులన్నీ నా చేత్తో చేశాను, ఎక్కడా టేపు చుట్టి వదిలెయ్యలేదు. నాంపల్లి స్టేషన్ వైపు వోల్టేజీ ఎక్కువతక్కువలు అవుతుంటాయి, వెలుగు కాస్త వణికితే అందుకే అయ్యుంటుంది. దానికి ఎవరేం చేస్తారు? ఆ మాటకొస్తే పిల్లలు గంటలకొద్దీ ఫోన్ చూస్తున్నారు. అది కూడా డాక్టరమ్మకు చెప్పు. అన్నీ నా లైట్ల మీదకే తోయకు.

సీటు సంగతి సీటొచ్చాక చూద్దాం.

విశ్వం

నాంపల్లి,
మే 15.

విశ్వానికి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. వైరు గురించి రాశావు, అతుకుల గురించి రాశావు, నాంపల్లి వోల్టేజీ గురించి రాశావు. గోడకున్న రెగ్యులేటర్ గురించి ఒక్క మాట లేదు.

నువ్వు చెప్పవని మా అపార్ట్‌మెంట్లకు కరెంటు పని చేసే ఎల్లేష్‌ను పిలిచాను. లహరి స్నేహితురాలి ఇంటికి వెళ్లిన సమయం చూసి. అతను గది తలుపు వేసి, రెగ్యులేటర్ తిప్పి వెలుగు తగ్గించి, తన ఫోన్ కెమెరా పైకి పెట్టి నాకు చూపించాడు. తెర నిండా నల్ల చారలు పరుగెత్తుతున్నాయి. ఇంకా తగ్గించాడు. అప్పుడు కెమెరా అక్కర్లేకపోయింది. నా కంటికే తెలిసింది, గోడలు కొట్టుకుంటున్నట్టు.

అతను అన్నది అన్నట్టే రాస్తున్నాను. "అమ్మా, గిది పాత పసుపు బల్బులకు పెట్టేటి రెగ్యులేటర్. గీ పట్టీలకు గాదు. పైన పెట్టె ఉన్నది చూడున్రి, గది ఇంటి కరెంటును పన్నెండు వోల్టులు జేస్తది. దానికి కడుపు నిండ తిండి వెట్టాలె. మీరు దీంతోని సగం తిండి వెడ్తున్నరు. గందుకే జర సేపు ఎలుగుతది, జర సేపు ఆగుతది. గట్ల కొట్టుకుంటనే ఉంటది. ఎవరు పెట్టిన్రమ్మా?"

"మా తమ్ముడు" అనడానికి నోరు రాలేదు. ఎవరో పెట్టారన్నాను.

నీకు ఇది తెలుసా, తెలియదా? పదిహేనేళ్ల ట్రూప్ బజార్ అనుభవం మీద ఒట్టేసి చెప్పు.

కామాక్షి

హనుమకొండ,
మే 19.

అక్కకు,

తెలుసు.

అది నాన్న రెగ్యులేటర్. మనం చిరాగ్ అలీ గల్లీలో ఉన్నప్పుడు, తెల్లవారుజాము డ్యూటీకి లేచి, మన నిద్ర చెడకుండా బల్బు తగ్గించుకుని గడ్డం గీసుకునేవాడే, ఆ నల్ల గుండీది. నువ్వు దాన్ని దాచావు. దాన్ని లహరి గదికి పెట్టాలని నీకు ఆశ. అది ఈ లైట్లకు పనికిరాదని తెలిసీ నేను నోరు మూసుకుని బిగించాను. తప్పంతా నాది. ఇంకొకటి కూడా చెబుతాను, ఎల్లేష్ ఆ పెట్టె మీది అంకె చూడకముందే. పైన నేను పెట్టిన పెట్టె వేరే సైట్‌లో మిగిలిపోయినది. అరవై వాట్లది. ఆ పట్టీ మీటరుకు పద్నాలుగు వాట్లు తాగుతుంది, ఐదు మీటర్లకు డెబ్బై అవుతుంది. చాలదని తెలుసు. పుట్టినరోజు వేళకు అయిపోవాలన్న తొందరలో, నడుస్తుందిలే అనుకున్నాను. అక్క ఇల్లే కదా అని.

ఎల్లేష్‌తో ఇలా చేయించు. ముందు రెగ్యులేటర్ పీకించు. మామూలు స్విచ్ నుంచి కరెంటు నేరుగా పెట్టెకు పోవాలి. వంద వాట్ల పెట్టె కొత్తది తెమ్మను, గాలి తగిలే చోట పెట్టమను. వెలుగు తగ్గించడానికి పెట్టెకూ పట్టీకీ మధ్య పెట్టే డిమ్మర్లు వేరే ఉన్నాయి. పద్ధతి ప్రకారం అవే పెట్టాలి. కానీ అవి కూడా వెలుగును గబగబా ఆర్పి వెలిగించే తగ్గిస్తాయి, మంచివాటిలో అది కంటికి తెలియదంతే. లహరి గదిలో నేను వాటినీ నమ్మను. పట్టీని దాని మీద కత్తెర గుర్తు వేసిన చోట కత్తిరించి రెండు ముక్కలు చేసి, రెండు స్విచ్‌లు పెట్టించు. వెలుగు తక్కువ కావాలంటే ఒకటే వేసుకుంటుంది.

నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ అక్కా, డాక్టరమ్మ మందులేమైనా రాసిందా? ఈ సంగతికి లహరి ఏమంటోంది? నీ రెండు ఉత్తరాల్లో దాని మాట ఒక్కటీ లేదు.

విశ్వం

నాంపల్లి,
జూన్ 4.

విశ్వానికి,

రెగ్యులేటర్ పోయింది. కొత్త పెట్టె, రెండు స్విచ్‌లు వచ్చాయి. ఆ తర్వాత ఇన్నాళ్లూ పిల్లకు ఏమీ రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా, పట్టుకున్నాం కదా. నిన్ను తిట్టే ఓపిక కూడా లేదిప్పుడు.

మందు రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒక్క పూట కూడా మానకూడదట, వెలుగు ఒక్కటే కారణం కాదట, ఎన్నేళ్లు వాడాలో తర్వాత చెబుతారట. లహరికి మాత్రం చెప్పలేదు. నీరసానికి కళ్లు తిరిగి పడిపోయావన్నాను. దానికేమీ గుర్తులేదు కాబట్టి నమ్మింది. డాక్టరమ్మతో మాట్లాడేటప్పుడు దాన్ని బయట కూర్చోబెట్టాను. అమ్మాయికి చెప్పండి అందావిడ, అలాగే అన్నాను. మాత్రలు రేకులోంచి తీసి, పాత ఐరన్ మాత్రల సీసాలో పోసి ఇస్తున్నాను. రేకు చూస్తే పేరు ఫోన్‌లో వెతుకుతుంది.

నువ్వు ఏమంటావో తెలుసు. కానీ వనిత పిన్నిని తలుచుకో. ఆవిణ్ని పేరు పెట్టి పిలిచినవాళ్లున్నారా? "ఆ మూర్ఛ పిల్ల" అనేవాళ్లు. ఆవిడ నవ్వినా, కోపగించుకున్నా అందరూ మూర్ఛే అనేవాళ్లు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నేను చించుకోను. సీటొచ్చినా వరంగల్ పంపను. ఇక్కడే ఏదో ఒక కాలేజీలో చదువుతుంది, నా కళ్ల ముందు.

అక్క

హనుమకొండ,
జూన్ 9.

అక్కకు,

నువ్వే వనిత పిన్నిని తెచ్చావు కాబట్టి చెబుతున్నాను. స్నానాల గదిలో పడిన రోజు నేను అక్కడే ఉన్నాను, ఏడేళ్లవాణ్ని. బయట చుట్టాలు కూర్చున్నారని అమ్మమ్మ తలుపు కొట్టలేదు. చుట్టాలు లేచేదాకా అరగంట పిన్ని లోపలే ఉంది. ఆ రోజు విరిగిన చెయ్యి చచ్చేదాకా సరిగా అతకలేదు. పిన్ని బతుకును పాడుచేసింది మూర్ఛ కాదు, దాన్ని దాచినవాళ్లు.

దేనికి మింగుతోందో తెలియని మాత్రను పదిహేడేళ్ల పిల్ల ఎన్నాళ్లు మింగుతుంది? నువ్వు ఊరికెళ్తే? సీసా అయిపోతే? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నీ పని. నేను లైట్లు పెట్టినప్పుడు "నడుస్తుందిలే" అనుకున్నాను. ఇప్పుడు నువ్వు అదే అనుకుంటున్నావు.

ఈ నెల ఇరవై లోపు నువ్వే చెప్పు. లేకపోతే నేను వచ్చి చెబుతాను.

విశ్వం

నాంపల్లి,
జూన్ 13.

విశ్వం,

నువ్వు వచ్చి చెప్పావంటే నాకు తమ్ముడు లేడు. నాన్న మీద ఒట్టు. ఇంక రాయకు.

కామాక్షి

నాంపల్లి,
జూలై 2.

విశ్వం,

నిన్న నిన్ను రైలెక్కించడానికి వచ్చి కూడా నీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. దవాఖానకు పరిగెత్తుకొచ్చావు, రెండు రోజులున్నావు, "ఎలా జరిగింది?" అని అడగలేదు. అడగనందుకే చెప్పాలనిపిస్తోంది.

ఇరవయ్యో తేదీ దాటింది, నువ్వు రాలేదు. గెలిచాననుకున్నాను. ఆదివారం పొద్దున లహరి అబిడ్స్‌లో పాత పుస్తకాలు చూద్దామంది. ఫుట్‌పాత్ మీద మోకాళ్ల మీద కూర్చుని డ్రాయింగ్ పుస్తకాలు ఏరుతోంది. నేను గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డాను. పట్టపగలు. ఏ లైటూ లేదు, ఏ రెగ్యులేటరూ లేదు. చేతిలో పుస్తకం పట్టుకునే ముందుకు పడిపోయింది. జనం మూగారు. ఎవడో ఫోన్ తీసి వీడియో తీస్తుంటే, ఆ పుస్తకాలమ్మే ముసలాయన లేచి వాడి చెయ్యి కిందికి కొట్టాడు. "ఏంది, తమాషా గిట్ల ఉన్నదా? జర గాలి ఆడనియ్యిన్రి. అమ్మా, ఫికర్ జెయ్యకు, పిల్లను పక్కకు తిప్పు" అన్నాడు. గొడుగు పడేసి పక్కకు తిప్పాను. నా కూతురికి ఏం చెయ్యాలో నాకు తెలియదు, ఆ దారిన పోయేవాళ్లెవరికీ తెలియదు, ఆయనకు తెలుసు.

దవాఖానలో కళ్లు తెరిచాక డాక్టరమ్మ, "మందు ఆపావా?" అని అడిగింది. లహరి, "ఏ మందు? ఐరన్ మాత్రలా? కడుపులో తిప్పుతోందని పది రోజులుగా సింకులో పారేస్తున్నా. అమ్మ బాధపడుతుందని చెప్పలేదు" అంది. ఆవిడ నా వైపు చూసింది. "ఐరన్ మాత్రలేంటమ్మా?" అంది. ఆ చూపు నాకు జన్మకు చాలు.

ఆవిడే కూర్చుని దానికి మొత్తం చెప్పింది. లహరి ఏడవలేదు. అంతా విని నన్ను ఒక్కటే అడిగింది. "నీకు తెలుసు. నాన్నకి తెలుసు. మామయ్యకి తెలుసు. లైట్లు బాగుచేసినాయనకి కూడా తెలుసా?" అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

ఇంకొకటి రాయాలి. ఇది రాయకపోతే నేను మనిషిని కాదు. మేలో నువ్వు తప్పంతా నాదని రాస్తే, అవునని మింగేశాను. నువ్వు నోరు మూసుకుని బిగించలేదు. డిసెంబర్‌లో స్టూలు మీద నిలబడి, "అక్కా, ఇది వద్దు. ఇది బల్బులకు. గుర్తుగా బీరువాలో పెట్టుకో" అన్నావు. నేనే ఏడ్చి, "నాన్న చెయ్యి పడ్డ వస్తువు నా ఇంట్లో పనికిరాదా? అయితే నీ లైట్లూ పీక్కుపో" అన్నాను. నువ్వు అది రాయలేదు. నన్ను కాపాడావు.

జనవరిలోనే లహరి, "అమ్మా, లైటు వణుకుతోంది" అంది. చదువు తప్పించుకోడానికి సాకు అన్నాను. తలనొప్పి అంటే, పాపం కళ్లకు చల్లగా ఉంటుందని ఇంకాస్త తగ్గించేదాన్ని. రోజూ సాయంత్రం నా చేత్తో నేనే తగ్గించాను విశ్వం. తగ్గించిన కొద్దీ అది ఎక్కువ కొట్టుకుంటుందని నాకు తెలియదు. వణుకుతోందని మాత్రం పిల్ల చెప్పింది.

అక్క

హనుమకొండ,
జూలై 6.

అక్కకు,

నువ్వు ఏడ్చావని బిగించాను. అది నిన్ను కాపాడటం కాదు, పనివాడు చెయ్యాల్సిన పని చెయ్యకపోవడం. పరాయి ఇంటివాళ్లు అడిగితే పెట్టనని మెట్లు దిగి వచ్చేవాణ్ని. ఇరవయ్యో తేదీ కూడా అంతే. నీ ఒట్టుకు భయపడి రాలేదు. నేను వచ్చి ఉంటే ఆ పిల్ల ఫుట్‌పాత్ మీద పడేది కాదు. ఇద్దరం సమానమే, ఇంక ఈ లెక్క వదిలెయ్యి.

లహరిని బతిమాలకు, సంజాయిషీ చెప్పకు. మాత్రల రేకు దాని చేతికే ఇచ్చెయ్యి.

విశ్వం

నాంపల్లి,
జూలై 27.

విశ్వానికి,

రేకు ఇచ్చాను. తీసుకుంది. ఫోన్‌లో రెండు పూటలా అలారం పెట్టుకుంది. అలారం మోగినప్పుడల్లా నేను వంటింట్లోంచి చెవులు రిక్కించి వింటాను. మంచినీళ్ల గ్లాసు చప్పుడయ్యేదాకా నాకు ఊపిరాడదు.

సీటొచ్చింది. వరంగల్లే. ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "నేను వెళ్తున్నా. అడగటం లేదు, చెప్తున్నా" అంది. ఇరవై రోజుల్లో నాతో అన్న మొదటి మాటలు అవి. మీ బావ నా ముఖం చూశారు. నేను సరేనన్నాను. అన్నానే గానీ, ప్రతి రోజూ ఇవాళ వద్దని చెబుదామా అని లేస్తున్నాను. ఒంటరిగా, తెలియని పిల్లల మధ్య ఎలా ఉంటుందిరా? వాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు?

హాస్టల్‌లో చేర్చేరోజు నన్ను రావద్దంది. నువ్వు తీసుకెళ్లు. గదిలో లైట్లు చూడు. అంతకుమించి నిన్ను అడిగే హక్కు నాకు లేదు.

అక్క

హనుమకొండ,
ఆగస్టు 20.

అక్కకు,

లహరిని నిన్న హాస్టల్‌లో చేర్చాను. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను సగమే చెబుతాను. అందుకని రాస్తున్నాను.

లైట్లు చూశాను. గదిలో మామూలు ట్యూబులే. నడవలో ఒకటి చివర్లో కొట్టుకుంటోంది. మార్చమని వార్డెన్‌కు చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే లహరి, "మేడమ్, ఆ ట్యూబ్ మార్పించండి. నాకు పడదు" అంది. "ఎందుకు పడదు?" అందావిడ.

అప్పుడు చెప్పింది అక్కా. గదిలో ముగ్గురు పిల్లలున్నారు, హైందవి అనే అమ్మాయి, ఇంకో ఇద్దరు. వాళ్ల అమ్మానాన్నలున్నారు. పెట్టెలు సర్దుకుంటున్నారు. అందరి ముందూ, గొంతు తగ్గించకుండా చెప్పింది. "నాకు ఫిట్స్ వస్తాయి. మందు వేసుకుంటున్నా. అయినా ఎప్పుడైనా రావచ్చు. వస్తే నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టకండి, దాంతో ఏమీ కాదు. టైమ్ చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యండి." హైందవి ఫోన్ తీసి ఒక్కొక్కటీ రాసుకుంది. వాళ్లమ్మ కిటికీ పక్కనున్న మంచం మీది తన కూతురి సంచి తీసి కింద పెట్టి, "నువ్వు గీడ పండుకో బిడ్డా, గాలి ఒస్తది" అంది.

నేను నడవలోకి వెళ్లి నిలబడ్డాను. నాకు కన్నీళ్లు ఆగలేదు.

బయటికి వచ్చేముందు వార్డెన్ పుస్తకం తెరిచి, ఏమన్నా అయితే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగింది. నా నంబరు చెబుతుందనుకున్నాను. నీ నంబరు చెప్పింది. వార్డెన్ రాసుకుంటుంటే ఆపి, ఇలా అంది.

"కానీ మేడమ్, నాకు తెలివి వచ్చేదాకా ఆగి చెయ్యండి. ఫోన్ కలవగానే మీరేం చెప్పకండి, నాకివ్వండి. నా గొంతు వినిపించేదాకా మా అమ్మ ఊపిరి తీసుకోదు."

విశ్వం